వెనక సీటు లేని బండి

మా స్టీలు సామాన్ల దుకాణానికి కుడిపక్కన ఒక చెప్పుల దుకాణం ఉండేది. మా నాన్న వ్యాపారానికి అదే సరిహద్దు రాయి. బేరం కుదరక మెట్లు దిగిన మనిషిని ఆ చెప్పుల దుకాణం పందిరి దాటేలోపు వెనక్కి పిలవాలి. దాటాక పిలిస్తే పరువు పోతుంది. మెట్లు దిగగానే పిలిస్తే ఇంకా తగ్గిస్తామని తెలిసిపోతుంది. అందుకని నాన్న వాళ్ళవైపు చూడకుండా, గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తూ, చెవులతోనే వాళ్ళ అడుగులు వినేవాడు. సరిగ్గా పందిరి నీడలోకి వెళ్ళగానే గొంతెత్తేవాడు. "అక్కా, జర ఇటు రా. ఒక మాట ఇని పో."

వచ్చేవాళ్ళకీ ఇదంతా తెలుసు. వాళ్ళూ అక్కడికొచ్చేసరికి నడక తగ్గించి చెప్పులు చూస్తున్నట్టు నిలబడేవాళ్ళు. నాన్న పిలుపు కాస్త ఆలస్యమైతే, నిలబడ్డ మొహమాటానికి ఒక జత కొనేసేవాళ్ళు కూడా. చెప్పులాయన ఏటా దసరాకి మా అందరికీ చెప్పులు ఊరికే ఇచ్చేవాడంటే మా మీద ప్రేమతో కాదు.

మా ఇంట్లో మాట్లాడే భాష కూడా దుకాణం భాషే. మొదటి మాట ఎవరికీ చివరి మాట కాదు. అన్నం పెట్టుకోమంటే వద్దనాలి. రెండోసారి అంటే "ఇప్పుడే గదా తిన్న" అనాలి. మూడోసారి కంచం ముందుకు జరపాలి. మా మేనత్త ఒకసారి పట్నం చుట్టాలింటికి వెళ్ళి, రెండుసార్లు వద్దని, మూడోసారి ఎవరూ అడగక, ఆకలితో తిరిగొచ్చింది. అప్పుడు మేమంతా ఆ చుట్టాలను తిట్టాం. వాళ్ళకు మర్యాద తెలియదని తేల్చాం. ఆ కథలో తప్పు ఎవరిదో నాకు నలభై రెండేళ్ళు వచ్చాక గాని తెలియలేదు.

ఆరేళ్ళపాటు నేను ఒక స్కూటీ వెనక సీటు మీద ఆఫీసుకు వెళ్ళాను. స్కూటీ నా స్నేహితురాలిది. ఇద్దరం నిజాంపేటలో పక్కపక్క సందుల్లో ఉండేవాళ్ళం. ఆఫీసులు వేరు, కానీ హైటెక్ సిటీలో ఎదురెదురు భవనాలు. ఆమెది గోదావరి వైపు, బడిపంతులు గారి కూతురు, భర్తా ఒక పాపా ఉన్నారు. నాకు వాళ్ళెవరూ లేరు. సంబంధాలు చూసే రోజుల్లో బేరాలు ఎక్కువైపోయాయని మా అమ్మ అంటుంది.

బండి మీద మాట్లాడుకోవడం ఒక విద్య. వెనక నుంచి చెప్పే మాటల్లో సగం గాలికి పోతాయి. "ఆఁ? ఏంటీ?" అని ఆమె తల కొంచెం వెనక్కి వంచేది, హెల్మెట్టూ హెల్మెట్టూ కొట్టుకునేవి. అందుకని చిన్న చిన్న మాటలు దారిలో, ముఖ్యమైనవి సిగ్నళ్ళ దగ్గర. పొద్దున లేవగానే ఏ మాట ఏ చౌరస్తాలో చెప్పాలో అనుకుని బయల్దేరేదాన్ని. ఇంటికొచ్చాక నాతో మాట్లాడేది అన్నం కుక్కరు ఒక్కటే కాబట్టి, ఆ రానూపోనూ గంటంబావే నా రోజులో మనిషి గొంతు వినపడే భాగం.

ఒకరోజు నిజాంపేట చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది. ఆమె తల వెనక్కి తిప్పి చెప్పింది.

"మేం తెల్లాపూర్ మారిపోతున్నామే. మా బ్లాకులోనే చిన్న ఫ్లాటొకటి కిరాయికి ఉంది. సింగిల్ బెడ్‌రూమ్. నువ్వూ వచ్చెయ్."

నా గుండె ఎగిరి గంతేసింది. నా నోరు మాత్రం దుకాణంలో పుట్టింది.

"అంత దూరం నాకెందుకు? నేను రానులే."

ఇది మొదటి వద్దు. ఆమె "రావే బాబూ" అంటే "కిరాయి ఎక్కువుంటదేమో" అనాలి. మూడోసారి అడిగితే కంచం ముందుకు జరపాలి. ఇదంతా నా మనసులో సిద్ధంగా ఉంది.

"సరే, నీ ఇష్టం" అంది ఆమె. పచ్చ లైటు పడింది.

తర్వాతి సిగ్నల్ దగ్గర అడుగుతుందనుకున్నాను. ఆ రోజు తర్వాతి సిగ్నల్ పచ్చగానే ఉంది. ఆ తర్వాతదీ అంతే. మర్నాడు అడుగుతుందనుకున్నాను. మర్నాడు పాప స్కూలు గురించి మాట్లాడింది. నెల తిరిగేసరికి సామాను లారీ వచ్చింది. లారీ ఎక్కించడానికి నేనూ చెయ్యి వేశాను. ప్రెషర్ కుక్కరు మూత విడిగా మూట కట్టాను, ఆ రబ్బరు ఎక్కడ పోతుందోనని. లారీ సందు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. చెప్పుల దుకాణం ముందు నిలబడ్డట్టే.

ఎనిమిది నెలలు అలాగే నిలబడ్డాను. పండగలకు ఫోనులో దీపాల బొమ్మలు, పూల బొమ్మలు వచ్చేవి. నేనూ పంపేదాన్ని. ఆ బొమ్మల కింద ఒక్క ముక్క రాసేది కాదు ఆమె. నేనూ రాయలేదు. పిలవాల్సింది దుకాణం వాళ్ళు కదా.

ఈలోపు ఆఫీసుకు బస్సూ, షేర్ ఆటో, మిగతాది నడక. సొంతంగా స్కూటీ కొనుక్కోవచ్చు. షోరూమ్ దాకా వెళ్ళాను కూడా. అక్కడి అమ్మాయి వెనక సీటు తట్టి, "ఇద్దరికి చాలా కంఫర్ట్‌గా ఉంటుంది మేడం" అంది. ఆ ఖాళీ సీటును రోజూ నా వెనక మోసుకుంటూ ఎలా తిరగను? ధర నచ్చలేదని చెప్పి బయటికొచ్చేశాను. నా చరిత్రలో ధర అడగకుండానే ధర నచ్చలేదన్న బేరం అదొక్కటే.

అప్పుడు చూశాను ఆ బండిని. హైటెక్ సిటీ ఫ్లైఓవర్ కింద కార్లన్నీ ఇరుక్కుపోయి ఉంటే, ఒక మనిషి నిలబడినవాడు నిలబడినట్టే, ఫుట్‌పాత్ అంచు వెంట, చేతులు కట్టుకుని వెళ్ళిపోతున్నాడు. కాళ్ళ మధ్య ఒకే ఒక చక్రం. హ్యాండిల్ లేదు, సీటు లేదు. ఎలక్ట్రిక్ యూనిసైకిల్ అంటారట. చక్రానికి రెండు పక్కలా రెండు చిన్న మెట్లు, వాటి మీద నిలబడాలి. ముందుకు ఒరిగితే పోతుంది, వెనక్కి ఒరిగితే ఆగుతుంది. బస్సు కిటికీలోంచి మెడ తిప్పి ఆ మనిషి కనిపించినంతమేరా చూశాను. ముందు సీటే లేనిదానికి వెనక సీటు ఎక్కడిది? ఒక్కరి కోసమే పుట్టిన బండి. నాకిది కావాలి అనిపించింది.

కావాలనిపించడం వేరు, కొనడం వేరు. కొత్తది లక్ష దాటుతుంది, అదీ బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. పాతది చూడాలి. పాతది కొనాలంటే దాని రోగాలు తెలియాలి. నెల రోజులు వీడియోలు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దీనికి ప్రాణమంతా బ్యాటరీలో ఉంది. నడుస్తుండగా బ్యాటరీ చెయ్యిస్తే చక్రం చచ్చిపోతుంది, మనిషి ముఖం మీద పడతాడు. కాబట్టి ఫుల్ ఛార్జింగ్ పెట్టించి చూడాలి. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో టార్చి వేసి తుప్పు చూడాలి. చక్రాన్ని గాల్లోకి ఎత్తి తిప్పి, బేరింగు గరగరమంటోందేమో వినాలి. పాత యజమాని ఫోనుకు తగిలించుకున్న లాకు తీయించుకోవాలి. ఆఫీసులో కూడా నా పని ఇదే. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. తప్పులు వెతికి జీతం తీసుకునే మనిషి సెకండ్‌హ్యాండ్ సామాను కొనడానికి వస్తోందంటే అమ్మేవాళ్ళు భయపడాలి.

మొదట మియాపూర్‌లో ఒకాయన దగ్గరికి వెళ్ళాను. అపార్ట్‌మెంటు ఐదో అంతస్తు. "వానలో ఒక్కసారి కూడా తడవలేదు మేడం" అన్నాడు. టార్చి వేస్తే రంధ్రంలో తుప్పు నారింజ రంగులో మెరిసింది. నేను పెదవి విరిచి, సగం ధర చెప్పి, "వస్తా మరి" అని బయటికి నడిచాను. లిఫ్టు బటన్ నొక్కకముందే వెనక నుంచి "మేడం మేడం, మీరన్నదే ఖాయం" అని పిలుపు. అంత తొందరగా పిలిచాడంటే బండి నేననుకున్నదానికన్నా పాడన్నమాట. మెట్లు దిగి పారిపోయాను.

రెండోది కొండాపూర్ పాత ఊళ్ళో. చుట్టూ గాజు భవనాలు లేచినా ఆ సందులు మాత్రం ఎద్దుబండి కొలతకే ఉన్నాయి. అమ్మే ఆయనకు అరవై ఉంటాయి. తరతరాలుగా ఆ ఊరివాళ్ళే. మూడంతస్తుల ఇల్లు, పై రెండూ కిరాయికిచ్చి కింద తాను ఉంటాడు. లుంగీ, పైన స్వెట్టరు. గేటు తీస్తూనే అడిగాడు.

"బండి ఎవరికి బిడ్డా? మీ ఆయనకా?"

"నాకే."

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మంచిగుంది. నేనెక్కితె నవ్విండ్రు. నువ్వెక్కితె ఆగి చూస్తరు."

బండి కథ ఆయనే చెప్పాడు. పై అంతస్తులో కిరాయికున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ దీన్ని అమ్ముతానంటే ఈయన ముచ్చటపడి కొన్నాడట. నెల రోజులు గోడ పట్టుకుని నేర్చుకున్నాడట. రెండేళ్ళు పొద్దున పాలకూ పేపరుకూ దీని మీదే.

"మరి ఎందుకు అమ్ముతున్నరు?"

"చెవుల ఏదో నీళ్ళు ఎక్కువైనయంట. కండ్లు తిరుగుతున్నయ్. దవాఖానల డాక్టరు, రెండు కాళ్ళ మీద సక్కగ నిలబడు తాతా, ఒంటి చక్రం ముచ్చట తర్వాత అన్నడు."

నేను నోట్‌బుక్ తీశాను. చక్రం ఎత్తి తిప్పాను. చెవి ఆనించి విన్నాను. స్క్రూలు చూశాను. అలవాటు కొద్దీ చక్రం మీది గుల్లను వేలి కణుపుతో కొట్టి కూడా చూశాను. స్టీలు బిందె మందం అలాగే తెలుస్తుంది. ప్లాస్టిక్ గుల్ల ఏమీ చెప్పలేదు. ఆయనే, "లోపల ఎవ్వరు లేరు బిడ్డా" అన్నాడు.

ధర అరవై వేలన్నాడు. "ఒకటే మాట" అన్నాడు. ఒకటే మాట అనడం కూడా బేరంలో ఒక మాటే అని మా నాన్న చెప్పేవాడు. నేను నలభై అన్నాను. కారణాలు మొదలుపెట్టాను.

"టైరు అరిగింది."

"అవు, అరిగింది. ఆర్నెల్లల మార్సాలె."

"ఈ పక్క గీతలున్నయి. పడ్డట్టున్నది."

"పడ్డ. రెండుసార్లు. ఒకసారి కుక్క అడ్డమొచ్చింది, ఒకసారి నా తప్పు."

"ఛార్జింగు మునుపటి లెక్క నిలబడదేమో."

"నిలబడదు. మొదట యాభై కిలోమీటర్లు పోతుండె. ఇప్పుడు నలభైయే."

నా నోట్‌బుక్ అయిపోయింది. తప్పులన్నీ ఒప్పుకునే మనిషితో బేరం ఎలా ఆడాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఇక మిగిలిన ఆయుధం ఒక్కటే. నోట్‌బుక్ సంచిలో పెట్టి, "అయితే నేను పోత మరి" అన్నాను.

"మంచిది బిడ్డా."

గేటు దాటాను. సందులో నాలుగు ఇళ్ళ అవతల చెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది. చెప్పుల దుకాణం అక్కడ పెట్టుకున్నాను. మరీ నెమ్మదిగా నడిస్తే అనుమానం వస్తుంది, మరీ వేగంగా నడిస్తే దాటిపోతాం. చెవులు వెనక్కి పెట్టి నడిచాను. ఇస్త్రీ బండి వచ్చింది. నిలబడ్డాను.

"జతకెంత?" అని అడిగాను ఇస్త్రీ అతన్ని. చెప్పాడు. "చీరకు?" చెప్పాడు. "పట్టు చీరకు?" అదీ చెప్పి, పెట్టె పక్కన పెట్టి నన్ను చూశాడు.

"బట్టలేవి మేడం?"

వెనక్కి తిరిగి చూశాను. గేటు మూసి ఉంది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండలో ఆ సందులో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నాకు ఆ బండి కావాలి. నలభై రెండేళ్ళలో వేలసార్లు వెళ్ళిపోతున్నట్టు నడిచాను. ఎవరో ఒకరు పిలిచేవారు. పిలవకపోతే పోనీ అని ముందుకే వెళ్ళాను గాని, వెనక్కి రావడం నా కాళ్ళకు తెలియదు. ఇస్త్రీ అతను చూస్తుండగా, ఆ నాలుగు ఇళ్ళూ వెనక్కి నడిచి గేటు కొట్టాను.

"మల్ల వచ్చినవా? ఏమన్న మర్శిపోయినవా?"

"మీరు పిలువలేదు."

"నేనెందుకు పిలుస్త? పోతనన్నవు. పోయినవనుకున్న."

"అట్లంటరు గని, నిజంగ పోతరా ఎవరన్న? పిలిస్తె వచ్చేదాన్ని గద?"

ఆయనకు నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని అనుమానం వచ్చింది. మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"పోతనన్న మనిషిని ఆపితె బలవంతం చేసినట్టు గాదా బిడ్డా? నీ ఇష్టం నీది అని ఊకున్న."

నీ ఇష్టం. ఆ మాట నేను ముందొకసారి విన్నాను. ఇంకో గొంతులో, హెల్మెట్టులోంచి. అప్పుడది నాకు తలుపు మూసినట్టు వినిపించింది. ఈయన ముఖంలో తలుపు మూసిన గుర్తు ఏదీ లేదు. నొప్పించకూడదన్న జాగ్రత్త మాత్రమే ఉంది.

అరవై వేలూ ఫోనులోంచి పంపాను. ఒక్క రూపాయి తగ్గలేదు. మా నాన్న చూసి ఉంటే గిన్నెలు పేర్చడం ఆపేసేవాడు. బండితోపాటు ఛార్జరూ, మణికట్టు తొడుగులూ, తన హెల్మెట్టూ ఇచ్చాడు. హెల్మెట్టు నా తలకు బోర్లించిన గంగాళంలా ఉంది. ఒక షరతు కూడా పెట్టాడు.

"ఈడ నేర్సుకొని తీస్కపో. రోడ్డు మీద నేర్సుకుంటె పండ్లు రాలుతయ్. ఇంకొకటి, మూలకు పెట్టొద్దు. రోజు ఎక్కాలె."

రోజూ ఆఫీసు అయ్యాక అక్కడికి వెళ్ళేదాన్ని. గేటు నుంచి మెట్ల దాకా ముప్పై అడుగుల సిమెంటు నేల, పక్కన కాంపౌండు గోడ. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో చాయ్ గ్లాసుతో కూర్చునేవాడు. నేను గోడ పట్టుకుని బండి ఎక్కేదాన్ని, బండి నా కింద నుంచి జారిపోయేది. చీలమండల మీద నీలం మచ్చలు పడ్డాయి.

"కిందికి సూడకు. నేల యాడికి పోదు."

"పడిపోతనేమో."

"పడ్తవు. సూసినా పడ్తవు, సూడకున్నా పడ్తవు. దూరం సూడు. మలగాలంటె చేతులు తిప్పకు, మెడ తిప్పు. నువ్వు యాడ సూస్తె అది ఆడికే పోతది."

ఏడో రోజు గోడ వదిలేశాను. ముప్పై అడుగులూ వెళ్ళి మెట్ల దగ్గర ఆగాను. ఆయన గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ కొట్టాడు. నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టి ఎన్నేళ్ళయిందో.

ఎనిమిదో రోజు మళ్ళీ గోడ పట్టుకున్నాను. తొమ్మిదో రోజు కూడా. పదో రోజు ఆయన కుర్చీ లోంచి లేచి నా పక్కకు వచ్చాడు.

"మొన్న గోడ ఇడిసి మెట్ల దాక పోయినవు. మల్ల గోడకు అతుక్కుంటున్నవు. నాటకమా బిడ్డా?"

అబద్ధం చెప్పబోయాను. ఆయన ముందు అబద్ధానికి పట్టు దొరకదు. తలదించుకున్నాను. బండి నడపడం వచ్చేసిందని ఒప్పుకుంటే సాయంత్రం ఆరు తర్వాత నేను ఎక్కడికి పోవాలి?

ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. "నీకొచ్చింది. ఇగ పో" అన్నాడు. గేటు బార్లా తీశాడు. "ఇటు దిక్కు వస్తె లోపలికి రా, చాయ్ పోస్త. నేనైతె పిలువ. నాకా అలవాటు లేదు. నువ్వే రావాలె."

ఆ సందులోంచి బండి మీదే బయటికి వచ్చాను. ఇస్త్రీ అతను పెట్టె గాల్లో పట్టుకుని అలాగే చూశాడు.

తర్వాత రోజూ దాని మీదే. నిజాంపేట నుంచి ఆఫీసుకు లోపలి రోడ్లు వెతుక్కుని, అంచున, నెమ్మదిగా. కార్లలోంచి ఫోన్లు పైకి లేస్తాయి, వీడియోలు తీసుకుంటారు. ఒక్కరూ మాట్లాడరు. ఆటోవాళ్ళు మాత్రం, "అక్కా, గిదేంది? ఎంతిస్తది?" అంటారు. ఆ రెండు ముక్కల కోసం ఆటోల పక్కనే నడుపుతున్నానని తర్వాత గమనించుకున్నాను. ఆఫీసు లిఫ్టులో దాన్ని చూసి అందరూ గోడకు జరుగుతారు. నా బల్ల కింద పెడితే కాలికి తగులుతూ ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, ఎడమ చెయ్యి దాని మీద వేసి నిమురుతూ తింటున్నాను. అది చూసుకుని చెయ్యి తీసేశాను.

ఆయన చెప్పినట్టు మూలకు పెట్టలేదు. కానీ ఇంటికీ ఆఫీసుకూ తప్ప ఎటూ చూడలేదు, కాబట్టి అదీ ఎటూ పోలేదు. ఒక ఆదివారం పొద్దున ఫుల్ ఛార్జింగ్ పెట్టి, తెల్లాపూర్ వైపు మెడ తిప్పాను.

పెద్ద గేటు. లోపల టవర్లు. సెక్యూరిటీ అతనిది మెదక్ వైపు యాస.

"ఏ ఫ్లాట్ మేడం?"

నాకు తెలియదు. కుక్కరు మూత మూట కట్టిన దాన్ని, ఇంటి నంబరు అడగలేదు. అడిగితే వస్తానన్నట్టు అవుతుందని అడగలేదు.

"బ్లాక్ అన్న చెప్పుండ్రి."

అదీ తెలియదు. పక్కకు జరిగి గోడ నీడలో నిలబడి ఫోన్ చేశాను. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి.

"ఏమే! ఇన్నాళ్ళకా?" అంది. వెనక జనం గోలగా ఉంది.

"మీ గేటు దగ్గర ఉన్న."

"ఏ గేటు? తెల్లాపూరా? అయ్యో, మేం ఊళ్ళో లేమే. రాజమండ్రి వచ్చాం, మా మరిది గృహప్రవేశం. ఒక్క ముక్క చెప్పి రావద్దూ?"

"అవు, చెప్పాల్సింది."

"ఎలా వచ్చావ్? అటు బస్సులుండవుగా."

"బండి కొన్న. ఒంటి చక్రం బండి. దానికి వెనక సీటు ఉండదు." ఆ చివరి మాట ఎందుకన్నానో తెలియదు. అప్పుడు అడిగేశాను. "ఆ చిన్న ఫ్లాట్ ఇంకా ఉందా?"

"ఏ ఫ్లాట్? ఓ, అదా. అప్పుడే ఎవరో దిగిపోయారుగా. నువ్వు రానన్నావుగా."

"ఇంకోసారి అడుగుతవనుకున్న."

గోల దూరమైంది. ఆమె ఎక్కడో పక్కకు వచ్చి నిలబడినట్టుంది.

"రానన్నదాన్ని ఇంకోసారి ఎందుకడుగుతానే? ఆరేళ్ళు నిన్ను వెనకేసుకుని తిరిగానా? ఒక్క ముక్కలో రానులే అనేశావ్. నా పక్కన ఉండటం నీకిష్టం లేదేమో అనుకున్నా. వారం రోజులు మా ఆయన దగ్గర ఏడ్చా తెలుసా? లారీ రోజు కూడా కళ్ళు తుడుచుకుంటూ ఎక్కా. నువ్వు కుక్కరు మూత సర్దుతున్నావ్."

"నాకు రావాలనే ఉండె."

"మరి వస్తాననొచ్చుగా!"

అనొచ్చు. అంత చిన్న సంగతి. గేటులోంచి ఒక కారు వెళ్ళింది, సెక్యూరిటీ అతను సలాము కొట్టాడు.

"సర్లే, జరిగిందేదో జరిగింది. వచ్చే ఆదివారం ఉంటాం. వస్తావా?"

నా నాలుక మీద పాత మాటలన్నీ వరసగా నిలబడ్డాయి. చూస్తలే. పని ఉంటదేమో. మీకెందుకు ఇబ్బంది. వాటినన్నిటినీ తోసుకుని ఒకటి బయటికి వచ్చింది.

"వస్త. ఎన్ని గంటలకు?"

నన్ను ఆరేళ్ళు మోసిన మనిషి, ఇంత సూటి మాట నా నోట ఎప్పుడూ విని ఉండదు.

"నిజంగానా?"

"నిజంగనే."

"పదకొండింటికి రా. నాలుగింటికి పాపకి డాన్సు క్లాసుంది, వెళ్ళిపోవాలి. ఈలోపు ఉండొచ్చు."

పదకొండు నుంచి నాలుగు. ఆరేళ్ళ ఉదయాలకూ సాయంత్రాలకూ బదులు ఇది. బేరం ఆడలేదు, ఇంకో గంట కలపమనీ అడగలేదు. ఫ్లాట్ నంబరు అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పాత బండి రోగాల జాబితా కింద.

సెక్యూరిటీ అతను బండి చుట్టూ తిరుగుతున్నాడు. "ఇద్దరు పడ్తరా మేడం దీని మీద?"

"పట్టరు."

"గట్లయితె ఎందుకు కొన్నరు?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలని. గేటు స్తంభం పట్టుకుని ఎక్కాను.

తిరుగుదారిలో మియాపూర్ చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది. ఈ బండి మీద కదలకుండా నిలబడలేం, ఒక కాలు దింపాల్సిందే. కాలు దింపి నిలబడ్డాను. ఎర్ర అంకెలు నలభై నుంచి కిందికి దిగుతున్నాయి. పాత అలవాటు ప్రకారం, ముఖ్యమైన మాట చెప్పడానికి ఊపిరి తీసుకుని ముందుకు వంగాను. ముందు ఎవరి హెల్మెట్టూ లేదు.

"ఆదివారం పదకొండింటికి" అన్నాను పైకే.

పక్కన ఆగిన పాల వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "నన్నా మేడం?"

"కాదు" అన్నాను.

పచ్చ లైటు పడింది.